బీచ్‌లో జిడ్డు ముఖాన్ని రోజంతా ఎలా కాచుకోవాలి?

బీచ్‌కి వెళ్లిన గంటలోపే నా చలువ కళ్లద్దాలు ముక్కు మీంచి జారడం మొదలుపెడతాయి. పైకి తోస్తే ఓ నిమిషం ఆగి మళ్లీ జారతాయి. మూడోసారి తోసేటప్పటికి వేలికి జిడ్డు అంటుకుంటుంది. అదే వేలు అద్దానికి తగిలిందంటే ఎదురుగా ఉన్న సముద్రం మసకబారిపోతుంది. జిడ్డు చర్మం ఉన్నవాళ్లకి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

చాలా ఏళ్లపాటు దీనికి నేను చేసిన వైద్యం ఒక్కటే, టవల్. మెరుపు కనిపించగానే టవల్ తీసుకుని నుదురు, ముక్కు గట్టిగా రుద్దేసేవాణ్ణి. ఒకసారి అలా రోజంతా గడిపి ఇంటికొచ్చాక నాలుగో రోజుకి ముక్కు మీద చర్మం పొట్టులా లేచింది. నుదురు నల్లగా కమిలిపోయింది. చెంపలు మాత్రం బాగానే ఉన్నాయి. అప్పుడు వెలిగింది నాకు. చెంపలకి జిడ్డు తక్కువ కాబట్టి వాటిని రుద్దలేదు, పొద్దున రాసుకున్న సన్‌స్క్రీన్ అక్కడ మిగిలింది. ముక్కు మీద జిడ్డుతో పాటు సన్‌స్క్రీన్‌ని కూడా తుడిచి పారేశాను. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అచ్చం అదే.

కాబట్టి కింద చెప్పేదంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది. మెరుపు తగ్గాలి, కానీ ఎండ నుంచి కాపాడే పొర పోకూడదు. రెండిట్లో ఒకటే దక్కుతుందంటే మెరిసే ముఖంతోనే కూర్చోండి, కమిలిన ముఖం కంటే నయం.

అక్కడే ఎందుకంత మెరుస్తుంది

చర్మంలో ఉండే నూనె గ్రంథులు సీబమ్ అనే జిడ్డుని తయారుచేస్తాయి. నుదురు, ముక్కు, గడ్డం, తల, వీపు పైభాగం, ఛాతీ నడుమ ఇవి ఎక్కువ. అరచేతుల్లో, అరికాళ్లలో అసలుండవు. చర్మం వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే పైకొచ్చే జిడ్డు సుమారు 10 శాతం పెరుగుతుంది. పైగా వేడికి జిడ్డు పలచబడి నెయ్యి కరిగినట్టు పాకుతుంది. చర్మం మీదుండే సన్నని గీతలు, గుంటలు దాంతో నిండిపోయి పైభాగం నున్నగా అవుతుంది. నున్నటి పైభాగం అద్దంలా వెలుతురుని తిప్పికొడుతుంది. మనకి కనిపించే మెరుపు అదే.

బీచ్‌లో దీనికి ఇంకో రెండు తోడవుతాయి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట త్వరగా ఆరదు, జిడ్డుతో కలిసి ముఖం మీదే ఉండిపోతుంది. మనం రాసుకున్న సన్‌స్క్రీన్‌లో కూడా చాలావాటిలో నూనెలాంటి పదార్థాలే ఉంటాయి. అంటే మెరుపు మొత్తం మీ చర్మం తప్పు కాదు.

ఏది ఎంతో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. పొడి టిష్యూని ముక్కు మీద అయిదు క్షణాలు నొక్కి, తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. తడి మరక కాసేపటికి ఆరి మాయమైతే అది చెమట. కాగితంలోంచి అవతల కనిపించేలా మరక అలాగే నిలిచిపోతే అది నూనె. చెమటే ఎక్కువైతే నీడ, గాలి, చల్లటి తడిగుడ్డ సరిపోతాయి. నూనె ఎక్కువైతే బ్లాటింగ్ పేపర్, అంటే నూనెని పీల్చుకునే పలచటి కాగితం కావాలి. చాలామంది చెమటని చూసి జిడ్డనుకుని ముఖాన్ని సబ్బుతో తోమేస్తుంటారు.

ముందు రోజు రాత్రి: చేయకూడనివే ఎక్కువ

బీచ్‌కి ముందు రోజు ముఖం శుభ్రంగా ఉండాలని స్క్రబ్‌లు, పీల్‌లు, కొత్త ఫేస్ ప్యాక్‌లు మొదలుపెట్టకండి. గ్లైకోలిక్ ఆమ్లం లాంటివి రాసుకున్న చర్మానికి ఎండ మామూలు కంటే త్వరగా తగులుతుంది. రెటినాల్, ట్రెటినాయిన్ వాడేవాళ్లు కూడా రెండు మూడు రోజులు ముందే ఆపితే ఉప్పునీళ్లు తగిలినప్పుడు మండదు. మొటిమలకి శాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్ వాష్ మీకు ఎప్పటినుంచో అలవాటైతే దాంతో ఇబ్బంది లేదు. అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి వెళ్లి పనిచేస్తుంది. కొత్తగా మొదలుపెట్టడానికి మాత్రం ఇది సమయం కాదు.

జిడ్డు పోతుందని నిమ్మరసం రాసుకునే అలవాటుంటే అది ఈ రెండు రోజులూ పూర్తిగా మానేయండి. నిమ్మజాతి పండ్ల రసంలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు వస్తాయి, తర్వాత నల్లటి చారలు వారాల తరబడి ఉండిపోతాయి. బీచ్‌లో కూర్చుని నిమ్మకాయ పిండినా సరే, చేతులు కడుక్కున్నాకే ముఖం ముట్టుకోండి.

మొటిమలకి మందులు మింగుతున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ వాడేటప్పుడు కొద్ది ఎండకే చర్మం కాలిపోయినట్టు అవుతుంది. మీరే ఆపేయకండి, వెళ్లేముందు డాక్టర్ని అడగండి. గడ్డం గీసుకునేవాళ్లు ఆ పని రాత్రే కానిచ్చేయండి. అప్పుడే గీసిన చర్మం మీద ఉప్పునీళ్లు పడితే ఎలా ఉంటుందో ఒకసారి పడ్డవాళ్లని అడగండి, చెబుతారు.

తలకి నూనె పెట్టుకుని పడుకుంటే పొద్దున అది చెమటతో కలిసి నుదుటి మీదికి దిగుతుంది. పెట్టుకున్నా తలస్నానం చేసే బయల్దేరండి.

సన్‌స్క్రీన్: మీరు సరిపడా రాసుకోగలిగేదే మంచిది

జిడ్డు చర్మం ఉన్నవాళ్లు సన్‌స్క్రీన్ అంటేనే పారిపోతారు. జిడ్డు మీద ఇంకో జిడ్డా అని. నిజానికి చిక్కటి క్రీమ్‌తో వచ్చే తంటా అది. జెల్ గానీ, నీళ్లలా పలచగా ఉండే ఫ్లూయిడ్ గానీ తీసుకోండి. డబ్బా మీద మూడు సంగతులు చూడండి. ఎస్‌పీఎఫ్, అంటే ఎండ కాల్చకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉండాలి, అంటే చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాలనీ, ముడతలు, మచ్చలు తెచ్చే యూవీఏ కిరణాలనీ రెండిటినీ ఆపుతుందని. మూడోది వాటర్ రెసిస్టెంట్. దాని పక్కన 40 నిమిషాలని గానీ 80 నిమిషాలని గానీ రాసి ఉంటే, నీళ్లలో ఉన్నా చెమట పట్టినా అంతసేపు నిలుస్తుందని లెక్క. బీచ్‌కైతే 80 ఉన్నదే మేలు.

ఎస్‌పీఎఫ్ అంకెల మోజులో పడకండి. సరిగ్గా రాస్తే 15 ఉన్నది యూవీబీని సుమారు 93 శాతం ఆపుతుంది, 30 ఉన్నది 97, 50 ఉన్నది 98. ఆ పై అంకెలకి పెరిగేది ఇంకా స్వల్పం. అసలు తేడా ఎంత రాశారన్న దాంట్లో ఉంది. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి ఈ అంకెలు తేలుస్తారు. మనం మామూలుగా రాసుకునేది అందులో సగం కూడా ఉండదు. 50 అంకె ఉన్న బంకలాంటి క్రీమ్‌ని బొట్టులా రాసుకోవడం కంటే 30 ఉన్న తేలికపాటి జెల్‌ని సరిపడా రాసుకోవడం మంచిది.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న మినరల్ సన్‌స్క్రీన్‌లలో చాలావరకు మెరుపు తక్కువగా కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు చర్మాల మీద మాత్రం ఇవి తెల్లటి పూతలా తేలతాయి. అందుకు టింట్ ఉన్నవి, అంటే చర్మం రంగు కలిపినవి ఉన్నాయి. వాటికి రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురుని కూడా కొంత అడ్డుకుంటుంది. మంగుమచ్చలు వచ్చేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే గుణం, ఎందుకంటే ఆ మచ్చలు కంటికి కనిపించే వెలుతురుకి కూడా ముదురుతాయి.

కొన్నది ఏదైనా బీచ్‌కి వెళ్లే రోజే మొదటిసారి రాసుకోవద్దు. నాలుగైదు రోజుల ముందు నుంచి దవడ పక్కన రాసి చూడండి. దురద, పొక్కులు వస్తే ఇంట్లో ఉండగానే తెలుస్తుంది. ఒక్క మాట, పగడపు దిబ్బలున్న సముద్రాలకి వెళ్తుంటే అక్కడి నిబంధనలు చూసుకోండి. హవాయిలో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి ఆపేశారు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

బ్లాటింగ్ పేపర్ ఒక ప్యాకెట్. దొరక్కపోతే రంగు, వాసన లేని పలచటి టిష్యూలు. ముఖానికి విడిగా ఒక చిన్న నూలు గుడ్డ, దీన్ని జిప్ ఉన్న కవర్లో పెట్టండి. పెద్ద టవల్‌కి ఇసుక అంటుకుంటుంది, దాంతో ముఖం ఒత్తితే గరుకు కాగితంతో రుద్దినట్టే. తాగే నీళ్లు కాక ముఖం కడగడానికి ఒక సీసా మంచినీళ్లు. సన్‌స్క్రీన్, చిన్న పౌడర్ డబ్బా, వెడల్పు అంచున్న టోపీ. సన్‌స్క్రీన్‌ని ఎండలోనో, తలుపులేసిన కారులోనో వదిలేయకండి. వేడికి అందులోని పదార్థాలు విడిపోతాయి. టవల్‌లో చుట్టి సంచి అడుగున పెడితే చాలు.

ఫౌండేషన్ ఇంట్లోనే వదిలేయండి. చెమటకి అది చారలు కట్టాక మీకొచ్చే టెన్షన్ ముందు జిడ్డు ఎంత!

బయల్దేరే ముందు

మీరు రోజూ వాడే మెత్తటి ఫేస్ వాష్‌తో ఒకసారి, చల్లటి నీళ్లతో కడుక్కోండి. రెండుసార్లు కడిగితే జిడ్డు రెండింతలు తగ్గదు. గ్రంథులు లోపల తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి, కొన్ని గంటల్లో పైపొర మళ్లీ నిండుతుంది. ఎక్కువ తోమితే చర్మానికున్న కాపుదల దెబ్బతిని, పైన జిడ్డు, కింద బిగుతు, మంట అన్నీ ఒకేసారి ఉంటాయి.

మాయిశ్చరైజర్ కావాలా? ముఖం కడిగాక బిగుసుకుపోయినట్టు ఉంటే పలచటి జెల్ మాయిశ్చరైజర్ రాయండి, 2 నుంచి 5 శాతం నియాసినమైడ్ ఉన్నదైతే మంచిదే. వారాల తరబడి వాడితే అది జిడ్డుని కొంత తగ్గిస్తుంది, ఒక్క పూటలో కాదు. బిగుతు లేకపోతే సన్‌స్క్రీన్ ఒక్కటే చాలు. పొరలు ఎన్ని తక్కువైతే అంత మంచిది.

ఇప్పుడు సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పక్కపక్కన పెట్టి, వాటి పొడవునా రెండు గీతలు పిండండి. ముఖానికీ మెడకీ కలిపి అంత కావాలి. చూడగానే ఇంతా అనిపిస్తుంది. అందుకే ఒకేసారి కాకుండా రెండు విడతలుగా రాయండి. మొదటి సగం రాసి, అయిదు నిమిషాలు ఆగి, మిగతా సగం రాయండి. రాయడమంటే రుద్దడం కాదు, నుదుటి మీద, రెండు చెంపల మీద, ముక్కు మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి వేళ్లతో పరుస్తూ పోవాలి. చెవులు, మెడ వెనక, పాపిట మర్చిపోతారు అందరూ. ఎండలోకి వెళ్లడానికి కనీసం 15 నిమిషాల ముందు ఈ పని అయిపోవాలి.

కనుబొమ్మలపైన మరీ దట్టంగా పెడితే చెమటతో దిగి కళ్లు మండుతాయి. అక్కడికి స్టిక్ రూపంలో ఉన్న సన్‌స్క్రీన్ బాగుంటుంది, అది జారదు.

సన్‌స్క్రీన్ పూర్తిగా కుదురుకున్నాకే పౌడర్. బ్రష్‌ని పౌడర్‌లో తాకించి, దులిపి, ముక్కు పక్కలా, నుదుటి నడిమధ్యలో, గడ్డం మీద మాత్రం అద్దండి. సిలికా ఉన్న పౌడర్లు నూనెని బాగా పీల్చుకుంటాయి. ముఖమంతా పూస్తే గంటకల్లా చెమట దారులు పిండి మీద గీతల్లా కనిపిస్తాయి.

ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు

పదింటి నుంచి నాలుగింటి దాకా ఎండ తీవ్రంగా ఉంటుంది. గడియారం చూడాలనిపించకపోతే మీ నీడని చూడండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ముఖం దాచుకోవాల్సిన సమయమన్నమాట. గొడుగు కింద కూర్చున్నా పూర్తి రక్షణ లేదు. పొడి ఇసుక యూవీ కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురగ సుమారు 25 శాతాన్ని తిప్పి మన మీదికే పంపుతాయి. టోపీ పెట్టుకున్నా గడ్డం కింద, ముక్కు కింద నల్లబడేది ఇందుకే. నీళ్లలో ఉంటే చల్లగా ఉంది కదా అని మోసపోకండి. అర మీటరు లోతున కూడా పైన ఉన్న యూవీలో 40 శాతం ఉంటుంది.

నీడ వల్ల జిడ్డుకి నేరుగా లాభం ఉంది. చర్మం వేడెక్కకపోతే నూనె తక్కువ పాకుతుంది. టోపీ అంచు కనీసం 7 సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ ఉండాలి. ముందు మాత్రమే అంచున్న క్యాప్ చెవుల్ని, మెడని గాలికొదిలేస్తుంది. అరగంటకోసారి టోపీ తీసి నుదుటికి గాలి తగలనివ్వండి. బిగుతుగా ఉన్న పట్టీ కింద చెమట, జిడ్డు నలిగి అక్కడే చిన్న చిన్న మొటిమలు వస్తాయి.

అద్దడం: అసలు పనితనం ఇక్కడే

మెరుపు కనిపించగానే చేయి ముఖం మీదికి పోతుంది. ముందు దాన్ని ఆపండి. చేతుల నిండా ఇసుక, ఉప్పు. మంచినీళ్లతో వేళ్లు కడిగి తుడుచుకున్నాకే పేపర్ తీయండి.

బ్లాటింగ్ పేపర్‌ని ముక్కు పక్కన ఆనించి, వేలి కొసతో మెల్లగా నొక్కి, మూడు నాలుగు క్షణాలు అలాగే ఉంచండి. ఆ కాగితం రంగు మారుతూ కనిపిస్తుంది. నూనె పీల్చుకున్న చోట గాజులా అవుతుంది. ఇప్పుడు దాన్ని నిటారుగా పైకి ఎత్తేయండి, పక్కకి లాగొద్దు. లాగితే కింద ఉన్న సన్‌స్క్రీన్ పొర కూడా దాంతో జరుగుతుంది. తర్వాత ముక్కుకి రెండో పక్క, ఆపైన నుదురు, చివరికి గడ్డం. ఒక పేపర్ రెండు వైపులా వాడుకోవచ్చు. మొత్తం గాజులా అయిపోయాక మాత్రం అదే పేపర్‌తో ఇంకోచోట నొక్కితే తీసిన నూనెని మళ్లీ అంటించినట్టే.

పేపర్ ఎంత చక్కగా వాడినా కొంచెం సన్‌స్క్రీన్ దానికి అంటుతుంది. అందుకే పది నిమిషాలకోసారి అద్దకూడదు. గంటకో, రెండు గంటలకో ఒకసారి, మళ్లీ సన్‌స్క్రీన్ రాసే ముందు అద్దితే రెండు పనులూ కలిసొస్తాయి. మధ్యలో మెరుస్తుంటే మెరవనివ్వండి. బీచ్‌లో చుట్టూ చూడండి, మెరవని ముఖం ఒక్కటి చూపించండి.

తడి వైప్స్ వాడొద్దనే నేను చెబుతాను. చల్లగా హాయిగా ఉంటాయి కానీ అవి తుడిచేవే, అద్దేవి కావు. వాసన, ఆల్కహాల్ ఉన్నవైతే ఎండకి వేడెక్కిన చర్మం మీద మంట కూడా. వైప్ వాడక తప్పలేదంటే, వెంటనే సన్‌స్క్రీన్ మొదటి నుంచి రాయాల్సిందే.

మెడ వెనక, మణికట్ల మీద తడిగుడ్డ వేసుకుంటే ఒళ్లు చల్లబడి చెమట తగ్గుతుంది. దీనికి ముఖం ముట్టుకోవాల్సిన పనే లేదు కాబట్టి నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం ఇది.

నీళ్లలోంచి బయటికొచ్చాక

ఉప్పునీళ్లు జిడ్డుని పోగొడతాయని చాలామంది నమ్మకం. ముఖం బిగుసుకున్నట్టు అనిపిస్తుంది కాబట్టి నిజమే అనుకుంటారు. ఆ బిగుతు నీళ్లు ఆరిపోయి ఉప్పు మిగిలినందువల్ల. కనుబొమ్మల దగ్గర, ముక్కు మడతల్లో వేలితో తాకి చూడండి, సన్నని గరుకు తగులుతుంది. దాని మీద టవల్‌తో రుద్దితే ఉప్పు గింజలు చర్మాన్ని గీరుతాయి.

సరైన వరుస ఇది. దోసిట్లో మంచినీళ్లు పోసుకుని ముఖం మీద రెండు మూడుసార్లు చల్లుకోండి. చేత్తో తోమకుండా ఉప్పు, ఇసుక జారిపోనివ్వండి. నూలు గుడ్డతో ఒత్తండి. రెండు నిమిషాలు ఆరనివ్వండి. ముక్కు, నుదురు మీద ఇంకా జిడ్డుగా ఉంటే పేపర్‌తో ఒక్కసారి అద్దండి. అప్పుడు సన్‌స్క్రీన్, పొద్దున రాసినంతే. డబ్బా మీద 80 నిమిషాలని ఉన్నా సరే, టవల్‌తో ఒత్తుకున్నాక మళ్లీ రాసుకోవాలి. నీళ్లలో దిగకపోయినా రెండు గంటలకోసారి రాయాల్సిందే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, సముద్రం ముందు గంటలు తెలియవు.

రెండోసారి రాసేటప్పుడు సన్‌స్క్రీన్ ఉండలు కట్టి పొట్టులా రాలడం అందరికీ ఎదురయ్యేదే. ముఖం తడిగా ఉన్నప్పుడు రాసినా, కింద పౌడర్ గట్టిగా పేరుకున్నా, ఒకేచోట వేలితో గుండ్రంగా తిప్పి రుద్దినా ఇలాగే అవుతుంది. అద్ది, ఆరనిచ్చి, కొద్దికొద్దిగా తడుతూ రాస్తే రాలదు. స్టిక్ వాడితే ఒకేచోట మూడు నాలుగుసార్లు పోనివ్వాలి, ఒక్క గీతతో ఏమీ కాదు. స్ప్రే అయితే ముఖం మీదికి కొట్టకండి, ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. అరచేతిలో కొట్టుకుని ముఖానికి పట్టించండి. పౌడర్ రూపంలో వచ్చే సన్‌స్క్రీన్ పైపైన మెరుపు తగ్గించడానికి బాగుంటుంది, కానీ కాపాడేంత మందాన దాన్ని ఎవరూ రాసుకోరు. దాన్ని నమ్ముకుని అసలుది మానేయకండి.

నీళ్లు ఎక్కువ తాగితే జిడ్డు తగ్గదు. అయినా తాగండి, చెమటలో పోయినవి తిరిగి రావాలి. తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, తలనొప్పి మొదలైతే ఇక జిడ్డు సంగతి పక్కనపెట్టి నీడలోకి వెళ్లి ఒళ్లు చల్లబరుచుకోండి. మాట తడబడినా, తికమక పడుతున్నా వెంటనే వైద్యం కావాలి.

ఫొటోల కోసం

నడినెత్తిన ఎండలో ఎవరి ముక్కైనా మెరుస్తుంది. సూర్యుడు వాలాక, లేదా గొడుగు నీడలో సముద్రం వైపు తిరిగి తీసుకుంటే వెలుతురు మెత్తగా పడుతుంది. ఫొటోకి నిమిషం ముందు పేపర్‌తో ఒక్కసారి అద్దితే చాలు, దాని మీద పౌడర్ వేయాలనుకుంటే అద్దాకే వేయండి. జిడ్డు మీద వేస్తే ముద్దకడుతుంది. సాయంత్రం ఫ్లాష్ వాడొద్దు. సిలికా పౌడర్, మినరల్ సన్‌స్క్రీన్ రెండూ ఫ్లాష్‌కి తెల్లగా మెరిసి ముఖానికి సున్నం కొట్టినట్టు వస్తుంది.

వీపు, ఛాతీ

ముఖం గోలలో పడి వీపుని అందరూ మర్చిపోతారు. అక్కడా నూనె గ్రంథులు ఎక్కువే. తడి బట్టలతో గంటల తరబడి కూర్చుంటే రంధ్రాలు మూసుకుపోయి చెమటకాయలు, మొటిమలు వస్తాయి. నీళ్లలోంచి వచ్చాక ఆడడం అయిపోయిందనిపిస్తే పొడి నూలు చొక్కా మార్చుకోండి. వీపుకి చిక్కటి క్రీమ్ బదులు లోషన్ గానీ, స్ప్రే చేసి చేత్తో పరచడం గానీ మంచిది. ఎవరి వీపు వాళ్లకి అందదు కాబట్టి పక్కవాళ్లని అడగడానికి మొహమాటపడకండి.

ఇంటికొచ్చాక

వాటర్ రెసిస్టెంట్ సన్‌స్క్రీన్ ఒక్క ఫేస్ వాష్‌తో పూర్తిగా పోదు. అది పోలేదని మనం గట్టిగా తోముతాం, పొద్దుట్నుంచి ఎండకి అలిసిన చర్మం అక్కడ ఓడిపోతుంది. రెండు దఫాలుగా కడగండి. ముందు పొడి ముఖం మీద క్లెన్సింగ్ ఆయిల్ గానీ, మైసెల్లార్ వాటర్ (జిడ్డు, మేకప్ తీసే నీళ్లలాంటి ద్రవం) గానీ. జిడ్డు చర్మానికి మళ్లీ ఆయిలా అని భయపడొద్దు. నూనెని నూనే కరిగిస్తుంది, క్లెన్సింగ్ ఆయిల్‌లో నీళ్లు తగలగానే పాలలా మారి కడిగేసుకునే గుణం ఉంటుంది. వంటింట్లో నూనెకి అది లేదు, దాన్ని దీనికి వాడొద్దు. అర నిమిషం వేళ్లతో మెల్లగా తిప్పి, నీళ్లు కలిపి కడిగేయండి. తర్వాత మామూలు ఫేస్ వాష్. నీళ్లు చల్లగా గానీ గోరువెచ్చగా గానీ ఉండాలి.

ఆ రాత్రికి ముఖానికి పలచటి జెల్ మాయిశ్చరైజర్ చాలు. మొటిమల మందులు, యాసిడ్‌లు, స్క్రబ్‌లు రెండు రోజులు ఆగవచ్చు. ఎక్కడైనా ఎర్రబడి మంటగా ఉంటే చల్లటి తడిగుడ్డ వేయండి, ఐసు ముక్క నేరుగా పెట్టకండి. బొబ్బలు లేస్తే చిదమొద్దు, ముఖమంతా లేచినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఒకటి రెండు రోజుల తర్వాత ఛాతీ, భుజాలు, జబ్బల మీద ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు వరసగా లేస్తే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు. ఎండ చర్మానికి సరిపడక వచ్చేవి, చెమటకాయలు, వేడి, తేమల్లో పెరిగే ఫంగస్ వల్ల వచ్చేవి అన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. దురద ఎక్కువగా ఉండి, మొటిమల క్రీమ్‌కి తగ్గకపోతే ఆ క్రీమ్ ఇంకా ఇంకా పూయడం ఆపి చూపించుకోండి.

పడుకునే ముందు ఇంకో చిన్న పని. టోపీ లోపలి పట్టీని సబ్బుతో ఉతికి ఆరేయండి, రోజంతా పట్టిన జిడ్డు దాంట్లోనే ఉంది. చలువ కళ్లద్దాలని ముందు కుళాయి కింద పట్టి ఇసుక పోనిచ్చి, ఆపైన ఒక చుక్క సబ్బుతో ముక్కు మీద ఆనే చోట వేలితో తోమండి. ఇసుక పోకముందే గుడ్డతో తుడిస్తే అద్దాల మీద గీతలు పడతాయి. నా మొదటి జత అలాగే పోయింది.